బర్రె తిన్న పుణ్యాలు

ఆ ఏడు కరువుకు గోదావరిలో చేపలు దుమ్ము పీల్చి తుమ్మేవి. ఆ తుమ్ములు నాందేడ్ రైల్వే స్టేషన్ దాకా వినబడేవి. అలాంటి ఏడాదిలో సంగవ్వ, ఆమె పెనిమిటి ఎంకన్న, వాళ్ళ ఒక్కగానొక్క బర్రె కుండల్‌వాడి పక్క పల్లె నుంచి నడిచి నాందేడ్ చేరారు. బర్రె ఎంత చిక్కిందంటే దాని పక్కటెముకల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా నేల మీద పడేది. చిక్కినా పొగరు తగ్గలేదు. ఒకసారి పాలు పిండబోయిన ఎంకన్నను తన్నితే ఆయన వెళ్ళి దెగ్లూర్ బస్సు టాపు మీద పడ్డాడు. కండక్టరు టికెట్ అడిగాడు కూడా.

ఎంకన్నకు రాళ్ళు కొట్టే పని దొరికిన రోజు దొరికేది, లేనిరోజు లేదు. ఇద్దరి కడుపులు, బర్రె కడుపు సంగవ్వ పని మీదే నడిచేవి. క్రైస్తవ సిస్టర్లు నడిపే చిన్నపిల్లల బడిలో ఆమె ఊడ్చి, నీళ్ళు మోసేది. ఆ పని పోతే మళ్ళీ పల్లెకు పోవాలి. పల్లెలో బావి కప్పలు కూడా ఎప్పుడో వలస పోయాయి.

డిసెంబర్ వచ్చింది. ఆరునెలల పరీక్షలు అయిపోయాయి. బడి హాల్లో క్రిస్మస్ కోసం పచ్చటి ఆకులతో చుట్టిన దండ మీద వారానికొక కొవ్వొత్తి వెలిగించారు. పశువుల పాక కట్టి, మట్టి ఎద్దును, మట్టి గాడిదను నిలబెట్టి, మధ్యలో చెక్క తొట్టి పెట్టారు. పెద్ద సిస్టర్ ఫిలోమినా పిల్లలకు ఒక మాట చెప్పింది. ఎవరు మంచి పని చేసినా ఒక గడ్డిపోచ తెచ్చి తొట్టిలో వెయ్యాలి, సెలవులిచ్చే రోజున ఆ మెత్తటి గడ్డి మీద బాల యేసును పడుకోబెడతాం అని. ఆ మాట చెప్పినప్పుడు సంగవ్వ బయట నీళ్ళు పడుతోంది.

సెలవులిచ్చే రోజు పొద్దున హాలు ఊడుస్తూ ఆమె తొట్టిలోకి చూసింది. నిండా గడ్డి! సంగవ్వ పల్లె వైపు కరువొస్తే, మేత ఉన్న ఆసామి దారి పక్క తొట్టిలో ఇంత గడ్డి వేసి పెడతాడు. ఎవరి గొడ్డు ఆకలితో ఉంటే వాళ్ళు తీసుకుపోవచ్చు. అడగకూడదు, అడిగితే పెట్టినవాడు చిన్నబుచ్చుకుంటాడు. పిల్లలకు పాలపొడి కలిపి పోసే సిస్టర్లు గొడ్లకు గడ్డి పెట్టడంలో వింతేముంది? మట్టి ఎద్దు ఎలాగూ తినదు. సంగవ్వ తొట్టికి దండం పెట్టి, గడ్డంతా కొంగులో కట్టుకుపోయి, బడి గోడ వెనక కట్టేసిన బర్రె ముందు పోసింది. ఆమె కొంగు దులుపుకునేలోగా గడ్డి లేదు. బర్రె కొంగు కూడా కాస్త నమిలింది.

మూడో తరగతి పంతులమ్మ సుమిత్రాబాయి కొవ్వొత్తులు సర్దడానికి వచ్చి, ఖాళీ తొట్టి చూసి నెత్తి కొట్టుకుంది.

"సంగవ్వా! గడ్డేది?"

"బర్రెకేసిన బాయీ. సిస్టరమ్మ కడుపు సల్లగుండ!"

"నీ బర్రె పాడుగాను! అది గడ్డి గాదే, పోరగాండ్ల పున్నెం! ఒక్క పోచ ఒక్క మంచి పని. పగటి యాళ్ళకు తల్లిదండ్రులంత అస్తరు. సిస్టర్‌కు ఎర్కైతె నిన్ను చీపురుతోని సహా బయటికి పంపిస్తది."

సంగవ్వ బర్రె ఉన్న గోడ వైపు చూసింది. "ఎట్ల బాయీ? కక్కిద్దామా?"

"బర్రెతోని కక్కిస్తవా? ఉరుకు, యాడన్న గడ్డి తే. ఉత్తగ తేకు మల్ల. పోచకో మంచి పని ఉండాలె."

సంగవ్వ ఇత్వారా బజారుకు ఉరికింది. గడ్డి అమ్మే ముసలాయన ఖాళీ దుకాణంలో కూర్చుని నవ్వాడు. "గడ్డా? బొగ్గుతోని గోడ మీద గీసిస్త, జూస్కుంట పో అవ్వా." అక్కడి నుంచి ఏడుస్తూ, తాము తలదాచుకుంటున్న పాత గుడిసెకు వచ్చింది. ఊరంతటిలో గడ్డి మిగిలింది ఆ గుడిసె కప్పు మీదే. ఎక్కి పీకడం మొదలుపెట్టింది.

లోపల పడుకున్న ఎంకన్న మొహాన ఎండ పడింది. "ఏందే, ఇల్లు పీకుతున్నవు? పిచ్చి లేసిందా?"

"పని పోతున్నది! ఇది మా అత్తకు గంజి పోసినందుకు. ఇది ఎవలదో పిల్లను వాగు దాటించినందుకు. ఇది... ఇది..." ఆమె పుణ్యాలు అక్కడితో అయిపోయాయి. "నీయి జెప్పు!"

ఎంకన్న గడ్డం గోక్కున్నాడు. "పొయిన ఎండకాలం నిన్ను ఒక్కసారి గూడ కొట్టలే."

"అప్పుడు నువ్వు హిమాయత్‌నగర్ల కూలికి పోతివి గదా!"

"యాడుంటేంది? కొట్టలే గద?"

సంగవ్వ ఆ పోచ కూడా తీసుకుంది. తర్వాత పోచకు పేరు పెట్టలేక, ఏడుస్తూ గుప్పిళ్ళకొద్దీ పీకింది.

మోపుతో హాల్లోకి వచ్చేసరికి జనం నిండిపోయారు. ఫిలోమినా సిస్టర్ బాల యేసు బొమ్మను చేతుల్లో పట్టుకుని నిలబడి ఉంది. సంగవ్వ ఎవరినీ చూడకుండా గడ్డి తొట్టిలో పోసింది. ఏళ్ళ తరబడి పొయ్యి పొగ పట్టిన గడ్డి, కాటుకలా నల్లగా ఉంది.

"ఇది మా గడ్డి గాదు!" అని పిల్లలు గోల పెట్టారు.

సిస్టర్ కేరళ మనిషి. నాందేడ్ వచ్చాక మరాఠీ, తెలుగు, దక్కనీ ఉర్దూ ఒకే గిన్నెలో కలిపి తినేది. "సంగవ్వా, సచ్ బోలో. ఏమైంది?"

సంగవ్వ నేల మీద కూలబడింది. "పిల్లల పున్నెమంత మా బర్రె తిన్నది సిస్టరమ్మా. గొడ్ల కోసం వెట్టిండ్రనుకున్న. ఇది మా గుడిసె కప్పు. పనిల నుంచి తియ్యకు, నీ కాళ్ళు మొక్కుత."

సిస్టర్ వంగి ఒక నల్ల పోచ తీసింది. "ఇది దేనికి?"

"అత్తకు గంజి పోసిన."

"ఇది?"

సంగవ్వ తల దించుకుంది. "అది దేనికి గాదు. పున్నెం అయిపొయింది. అది ఉత్త గడ్డే."

సిస్టర్ దాన్ని కూడా తొట్టిలో వేసి, నల్లటి గడ్డి మీద బాల యేసును పడుకోబెట్టింది. లేస్తూ, సంగవ్వకు తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా అంది, "సెలవులు అయినంక జల్ది రా. హాలు ఊడ్వాలె."

సంగవ్వ బర్రెను విప్పుకుని ఇంటికి నడిచింది. గుడిసెకు వాసాలే మిగిలాయి. ఆ వాసాల కింద ఎంకన్న నెత్తి మీద తువ్వాల కప్పుకుని కూర్చున్నాడు. కప్పు అంచున ఇంకా కాస్త గడ్డి వేలాడుతోంది. బర్రె మెడ చాచి దాన్ని అందుకుంది.

"అరే, కొట్టు దాన్ని!" అన్నాడు ఎంకన్న.

సంగవ్వ కర్ర తీసుకోలేదు. మెడ అందని చోట తానే పీకి నోటికిచ్చింది.

"తిను తల్లీ. దీన్ని ఎవ్వరు అడగరు."

బర్రె ఆ పూట ఎవరినీ తన్నలేదు.