యాడి వాటా గోధుమలు

తండాల ఉండే ఉషారాణి ఫోన్‌ల పెట్టిన స్టేటస్ ఫొటోను హేమ్లి పొద్దుటి నుంచి పెద్దగ చేసి చూస్తనే ఉన్నది. తండాల తీజ్ పండుగ నడుస్తుంది. తండా పెద్ద నాయక్ ఇంటి ముందు మంచె మీద ఆడపిల్లల బుట్టలు వరుసగ పెట్టి ఉన్నయి. పుట్టమన్నుల మేకల ఎరువు కలిపి, నానబోసిన గోధుమలు చల్లి, పెండ్లికాని పిల్లలు తొమ్మిది దినాలు పాటలు పాడుకుంట నీళ్లు పోస్తరు, ఆఖరినాడు మొలకలను నీళ్లల్ల కలుపుతరు. అందరి బుట్టలల్ల మొలకలు జానెడు లేచి గుబురుగ నిలబడ్డయి. ఎర్ర లేసు కట్టిన బుట్ట ఒక్కటే, ముసలోళ్ల నెత్తి లెక్క, ఆడొక పోచ ఈడొక పోచ.

ఆ ఎర్ర లేసు హేమ్లి చేతులతోని కుట్టిచ్చింది. అది ఆమె బిడ్డ భాను బుట్ట.

పిల్లకు జరమొచ్చిందేమో. నీళ్లు పోసెటోళ్లు లేరేమో. అసలు పిల్ల తండాలనే లేదేమో, కోర్టు వాయిదా దగ్గరకొచ్చిందని దాని తండ్రి జైరాం ఏ హాస్టల్లనో దాచిపెట్టిండేమో. బుట్ట గుబురుగ మొలిస్తే పిల్లకు మంచి ఇల్లు దొరుకుతదని, పల్చగుంటే కష్టాలని తండాల ముసలోళ్లంటరు. హేమ్లి పదో తరగతి దాక చదివింది గని ఆ మాట గుండెల నుంచి పోలేదు. ఉషారాణికి ఫోన్ చేస్తే కలుస్తలేదు. ఆ అడవిల సిగ్నల్ ఎప్పుడుంటదో ఎప్పుడు పోతదో. జైరాం ఆమె నంబర్ బ్లాకుల పెట్టి చాన రోజులైంది.

హేమ్లి, జైరాం ఎందుకు ఇడిపోయిండ్రంటే ఒక్క మాటల చెప్పలేం. ఆయన తాగుడు కొంత, అత్త నోరు కొంత, ప్రతి దానికి ఉలికిపడే హేమ్లి భయం కొంత. ఆమె ఖమ్మంల, ఖానాపురం హవేలిల ఒక రూం కిరాయికి తీసుకొని ప్రమీలారాణి టైలర్ షాపుల చీరెలకు ఫాల్స్ కుడుతది. తొమ్మిదేండ్ల భాను మాత్రం మణుగూరు అవతల తండాల తండ్రి దగ్గరనే ఉండిపోయింది. నెలకు రెండు ఆదివారాలు భద్రాచలం బస్టాండుల పిల్లను తల్లికి చూపెట్టాలె, సాయంత్రానికి తిరిగి తీసుకపోవాలె అని కోర్టు చెప్పింది. వచ్చే వారం వాయిదా. పిల్ల ఇగ ఎవరి దగ్గరుండాలె అనేది ఆనాడు తేలుతది.

"ఒక్క ఆదివారం ఆగలేవా హేమ్లీ?" అన్నది వకీలు కళ్యాణి మేడం ఫోన్ల. "పోయినసారి తండాకు పోయి లొల్లి చేసినవని వాళ్లు ఇప్పటికే రాసిచ్చిండ్రు. ఇంకోసారి పోతే, ఈమె నిలకడ లేని మనిషి, పిల్లనేం పెంచుతదని జడ్జి ముందర అంటరు. నీ కాళ్లు మొక్కుత, పోకు."

"పోను మేడం" అన్నది హేమ్లి. అంటనే చెప్పులేసుకున్నది.

మిషన్ మీద నుంచి ప్రమీలారాణి తలెత్తి, "అవ్ తియ్, నీ బిడ్డ ఆడ తుమ్మితే నీకు ఈడ జరమొస్తది. ఆ జాకెట్ల పని ఎవరు జేస్తరు, మీ జడ్జా?" అన్నది. అని, మళ్ల తనే డబ్బాల మిగిలిన చపాతీలు పేపర్ల చుట్టి చేతుల పెట్టింది.

కొత్తగూడెంల బస్సు మారింది. మణుగూరు దారిల బొగ్గు లారీలు ఎదురొచ్చినప్పుడల్లా, అండ్ల ఒకటి జైరాం నడిపేదేమోనని కొంగు ముఖం మీదికి గుంజుకున్నది. తండా స్టేజి కంటే ముందు స్టేజిల దిగింది. మక్కచేను గట్ల మీది నుంచి, టేకు చెట్ల సందులకెల్లి నడిచింది. వాన పడి ఆగింది. బురదల చెప్పు తెగితే చేతుల పట్టుకున్నది. ఒకప్పుడు ఇదే గట్టు మీద భానును సంకన వేసుకొని నడిచింది. అప్పుడు బరువనిపించేది. ఇప్పుడు సంక ఖాళీగ ఉంటె అదే బరువు.

నాయక్ ఇంటి పక్క పశువుల కొట్టం వెనక తడక ఉంది. ఆడ ఒదిగి నిలబడ్డది. పిల్ల కనపడితే చాలు, జరం లేదని తెలిస్తే చాలు, ఎనక్కి తిరుగుత అనుకున్నది.

పాట ముందొచ్చింది. బోరు కాడి నుంచి పిల్లలు నెత్తిన బిందెలతోని వరుసగ వస్తుండ్రు. అందరి ఎనక భాను.

జరం లేదు. చిక్కిపోలేదు కూడ. పొడుగైంది. ఎవరో పెద్దపిల్లది అద్దాల లంగా దానికి కట్టిండ్రు. అంచు నేల మీద ఈడ్చుకపోతుంది, రెండడుగులకు ఒకసారి కాలికి తట్టుకుంటుంది. హేమ్లి వేళ్లు సూది కోసం ఎతుకులాడినయి. ఆ అంచు మడిచి నాలుగు కుట్లు వేసే మనిషే లేదా ఈ తండాల? ముందటి పిల్ల ఏదో అంటే భాను నవ్వింది. కొత్త పన్ను సగం వచ్చింది. పాత పన్ను ఊడింది ఏనాడో, ఏ చూరు మీద ఏసిండ్రో, హేమ్లికి తెల్వదు.

'భానూ' అనే పిలుపు గొంతు దాక వచ్చింది. కొంగు నోట్లె కుక్కుకున్నది.

పిల్లలు మంచె ఎక్కి ఎవరి బుట్టకు వాళ్లు నీళ్లు పోసిండ్రు. భాను తన బుట్టకు సగం బిందెనే పోసింది. తర్వాత మెల్లగ దిగి, కొట్టం దిక్కే వచ్చింది. తడకకు ఇవతల తల్లి, అవతల బిడ్డ. భాను వంగి, గడ్డిమోపు చాటు నుంచి పాత పెయింటు డబ్బా ఒకటి బయటికి గుంజింది. డబ్బా నిండ గోధుమ మొలకలు. కొబ్బరి పీచంత గుబురు.

ఎనకనే ఉషారాణి బిడ్డ సంగీత వచ్చింది. "సగం గింజలు ఈ డబ్బాల పోసినవా? అందుకేనే నీ బుట్ట గట్లున్నది! నీకు బట్టతల మొగుడు దొరుకుతడు చూడు."

"దొరకనియ్. ఇది మా యాడిది." తండాల అమ్మను యాడి అంటరు.

"పెండ్లైనోళ్లకు తీజ్ ఉండదే, పిచ్చిదానా!"

భాను నడుం మీద చెయ్యి పెట్టుకున్నది. "మా యాడికి ఇప్పుడు పెండ్లి లేదు కదా. కోర్టుల తీసేసిండ్రు. మరి ఆమెకూ బుట్ట ఉండాలె. ఖమ్మంల తీజ్ లేదంట. అందుకే నేను పోస్తున్న."

సంగీత తలూపింది. "అవ్ కదా" అన్నది.

హేమ్లికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆమెకే అర్థం కాలేదు. తడక సందుల నుంచి చెయ్యి చాపితే పిల్ల జడ అందుతది. చాపలేదు. పిల్లలిద్దరు ఉరుక్కుంట పోయేదాక ఊపిరి బిగవట్టి నిలబడ్డది.

ఎనక బండి ఆగిన చప్పుడైంది.

"హేమ్లీ? నువ్వేంది ఈడ?"

జైరాం. డ్యూటీ దిగి వచ్చిండు, ముఖం నిండ బొగ్గు దుమ్ము. చేతుల ఫోనున్నది. హేమ్లికి ఆ ఫోను తప్ప ఏం కనపడలేదు.

"ఫొటో తియ్యకు. నీకు పుణ్యముంటది. బుట్ట పల్చగుంటె పిల్లకు ఏమైందోనని వచ్చిన. లొల్లి చెయ్య. పోత."

"పిల్లకు కనపడ్డవా?"

"లేదు."

"ఒట్టు?"

"దాని మీదనే ఒట్టు."

జైరాం ఫోను అంగీ జేబుల పెట్టిండు. బండి హ్యాండిల్ మీది బొగ్గు దుమ్ము తుడిచిండు. "ఆదివారం నిన్ను కలిసొస్తే రెండు దినాలు సరిగ తినది. ఎవ్వరితోని మాట్లాడది. మా అవ్వ, నువ్వేదో నూరిపోసినవని తిడుతది. నేనైతే ఏం అన. నాకు తెల్వదా అది దేని కోసం తింటలేదో." తండా దిక్కు చూసి, "పో జల్దీ. మా బావ చూస్తే ఇడువడు. ఆనికి వీడియోల పిచ్చి" అన్నడు.

హేమ్లి మక్కచేనుల పడి నడిచింది. ఎనక్కి తిరిగి చూస్తే ఆగలేనని చూడలేదు.

ఇగ ఆ ఆదివారం దాక ఆమె పడ్డ తిప్పలు పగోళ్లకు వద్దు. జైరాం చెప్పకపోయినా వాళ్ల బావ చెప్తడు. బావ చూడకపోయినా చేన్ల ఎవరో చూసే ఉంటరు. ఆదివారం పిల్లను తీసుకరానే రారు. బస్టాండుల ఖాళీ బెంచి మీద కూసొని సాయంత్రం దాక ఎదురుచూసి ఎనక్కి రావాల్నేమో. ఒక ఫాల్‌ను తిరగేసి కుట్టి ప్రమీలారాణితోని మాటపడ్డది.

భద్రాచలం బస్టాండుల మణుగూరు బస్సు ఆగింది. మనుషులు దిగుతున్నరు, దిగుతున్నరు, ఒడువరు. ఆఖరికి జైరాం, ఆయన చెయ్యి పట్టుకొని అదే అద్దాల లంగాతోని భాను. ఇంకో చంకల తువ్వాల కప్పిన పెయింటు డబ్బా.

"సాయంత్రం బస్సు టైముకు వస్త" అన్నడు జైరాం. జనంల కలిసిపోయిండు. తండాకు వచ్చిన సంగతి ఎత్తకపోతే ఇంకా భయమైంది హేమ్లికి.

"యాడీ, మావి నిన్ననే నీళ్లల్ల కలిపినం. నీది నువ్వే కలపాలె కదా, అందుకే ఆపిన" అన్నది భాను దగ్గరికి రాకముందే. తువ్వాల తీసింది. నాలుగు పోచలు తుంచి, మునివేళ్ల మీద లేచి, తల్లి కొప్పుల చెక్కింది. పండుగనాడు పెద్దోళ్లకు చెక్కి మొక్కినట్టు కాళ్లు మొక్కబోతే హేమ్లి మధ్యలనే పట్టుకొని గుండెకు అదుముకున్నది. ఇడువబుద్ధి కాలేదు. జుట్టు వాసన మారింది. వేరే సబ్బు.

ఇద్దరు గోదావరి మెట్ల కాడికి పోయిండ్రు. నది నిండుగ పోతుంది, ఎర్రగ. ఆ నీళ్లను చూడంగనే హేమ్లి భాను చెయ్యి పట్టుకున్నది. పై మెట్టు మీదనే కూసుండబెట్టి, పర్సులకెల్లి సూది దారం తీసి, ముందు ఆ లంగా అంచు మడిచి కుట్టింది. మడత ఎక్కువ పెట్టింది, పిల్ల పెరిగితే విప్పుకోవచ్చు.

"భానూ, మీ నాయిన ఇంట్ల ఏమన్న అన్నడా? నా గురించి?"

"ఊఁ. మీ యాడి వచ్చి కొట్టం కాడ నుంచి చూసిపోయింది, డబ్బాకు నీళ్లు మరువకు అన్నడు. దాదికి చెప్పొద్దన్నడు." దాది అంటే వాళ్ల నాయనమ్మ.

హేమ్లి దారం కొరికింది. పిల్లకు చెప్పినోడు జడ్జికి చెప్పడా అని ఒక భయం అలవాటుగ లేచింది గని, ఈసారి ఎక్కువసేపు నిలబడలేదు.

ఇద్దరు నీళ్లు తగిలే మెట్టు దాక దిగినంక హేమ్లి డబ్బా వంచింది. తెల్లటి ఏర్లతోని మొలకలు ముద్దగ జారి, ఒకసారి సుడి తిరిగి, అడవి దిక్కు నుంచి వచ్చే పెద్ద నీళ్లల్ల కలిసి పోయినయి. ఇంకో చేతిల భాను లంగా పిడికిలితోని బిగవట్టే ఉన్నది.

"నీది మస్తు గుబురుగ మొలిచింది యాడీ" అన్నది భాను. "నీకు మంచి ఇల్లు దొరుకుతది. అండ్ల నాకు జాగ ఉంటది కదా?"

హేమ్లి ఖాళీ డబ్బా పక్కన పెట్టింది. నీళ్లు మెట్టును కొడుతున్నయి.

"ఉంటది" అన్నది. "ఇంకో మెట్టు దిగకు. ఇటు జరుగు, నా దిక్కు."