పెత్రాల్బు పొలిమేర

శాంతు గుడ్డను థిన్నర్‌లో ముంచి పిండి, బోర్డు మీద మళ్ళీ గుండ్రంగా రుద్దాడు. నల్లరంగు కరిగి మోచేతిదాకా కారింది. లావుపాటి మనిషి. ఎండకు కమిలిన మెడ, అరచేతి గీతల్లో ఏ సబ్బుకూ లొంగని నలుపు.

బోర్డు మీద రెండు పేర్లు. పైన ఫ్రెంచి ప్రభుత్వం రాసుకునే "పెత్రాల్బో". కింద ఊరివాళ్ళు నోరారా పిలుచుకునే "పెత్రాల్బు". కార్సికా దీవి కొండల్లో ఏ పొలిమేరలో చూసినా ఇదే వరస. పొద్దుపోయాక ఎవరో పైపేరు మీద నల్లరంగు కొడతారు. తెల్లారాక రోడ్ల శాఖ తరఫున శాంతు వచ్చి తుడుస్తాడు. ఉద్యోగమంతా ఈ తుడుపుతోనే గడిచింది. ఇవాళ్టితో ఆఖరు.

వెనక మేకల గంటలు వినిపించాయి. తిరిగి చూడకుండానే, "ఈసారి రెండు పూతలేశావేంరా?" అన్నాడు.

"నీ రిటైర్మెంటు కానుక," అన్నాడు ఓర్సు, చేతికర్ర మీద గడ్డం ఆనించి.

స్వతంత్ర కార్సికా కావాలని ప్రతి ఊరేగింపులోనూ గొంతు చించుకునేవాడు ఓర్సు. శాంతు ఏ ఊరేగింపులోనూ కనబడడు. చిన్నప్పుడు బళ్ళో తమ భాష మాట్లాడినందుకు మాస్టారు ఇద్దరినీ ఒకే గోడవైపు నిలబెట్టాడు. ఓర్సు ఆ గోడను మరిచిపోలేదు. శాంతేమో తన పక్కన నిలబడ్డవాణ్ణి మరిచిపోలేదు.

మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని మేకపాల చీజూ రొట్టే తిన్నారు, ఒకే సీసాలోంచి వైను తాగారు.

"నిజంగానే వెళ్ళిపోతున్నావా?" అడిగాడు ఓర్సు.

"సాయంత్రం ఓడకే."

"పెళ్ళాం వెనకాల దాని పుట్టూరికి, సముద్రం అవతల ఆ వానల బ్రెతాన్‌కి! బట్టలు ఆరవురా అక్కడ."

"నాకోసం అది ఇన్నేళ్ళు ఈ కొండ మీద ఉంది. మా అమ్మ సాధింపులన్నీ పడింది, మన భాష నేర్చుకుంది. ఇప్పుడు నా వంతు."

ఓర్సు బోర్డుకేసి గడ్డం ఊపాడు. "పోనీ, ఆ చివరి 'ఓ' ఒక్కటీ తుడవకురా. నాకోసం."

శాంతు లేచాడు. ఆ 'ఓ'ను అద్దంలా మెరిసేదాకా తుడిచాడు. "డ్యూటీలో ఉన్నాను మరి," అన్నాడు.

"చచ్చేదాకా మారవు!" ఓర్సు పగలబడి నవ్వి, వాణ్ణి కావలించుకుని, మొహం చూపించకుండా మేకల వెంట పైకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం శాంతు వ్యాను తాళాలు అప్పగించాడు. సామాను నిండిన కారును భార్య నోల్వెన్ నడుపుతోంది. దారిలో అతను మధ్యాహ్నం మాటలన్నీ చెప్పాడు. పొలిమేర రాగానే ఆమె బ్రేకు వేసింది.

"దిగు."

"ఓడ పోతుందే!"

"మా ఊళ్ళోనూ ఇవే బోర్డులు, ఇదే గొడవ. మా నాన్న ఎన్నిటికి రంగేశాడో! నువ్విప్పుడు డ్యూటీలో లేవుగా?" అంటూ హ్యాండ్‌బ్యాగులోంచి ఎర్రటి గోళ్ళరంగు సీసా తీసి చేతిలో పెట్టింది.

శాంతు ఇటూ అటూ చూశాడు. ఇన్నేళ్ళూ తుడవడమే తెలిసిన చెయ్యి, పూయడం చేతకాక తడబడింది. నాలుక బయటపెట్టి పసివాడిలా ఆ ఒక్క 'ఓ' మీదే రంగు పూశాడు.

"అంచు దాటింది, చూసుకో!" అని నోల్వెన్ స్టీరింగ్ మీద వాలి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. కారు మలుపు తిరిగి లోయలోకి దిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే మేకలతో దిగిన ఓర్సు బోర్డు ముందు నిలబడిపోయాడు. వంకరటింకర ఎరుపును వేలితో తడిమి చూశాడు.

"ఓరి దొంగా!" అన్నాడు. ఆ నవ్వుకి మేకలు బెదిరి చెల్లాచెదురయ్యాయి.

స్తంభం మొదట్లో రాయి మీద, మూత గట్టిగా బిగించిన చిన్న సీసా. అడుగున ఇంకా కాస్త రంగు మిగిలి ఉంది.