చెడ్డ కబురుకు తొలి కప్పు

నేను ఒక టీ ఫ్లాస్కును. పైన ఉక్కు తొడుగు, లోపల జంట గోడల గాజు సీసా, ఆ గోడల నడుమ శూన్యం. వేడిని కాపాడేది ఆ శూన్యమే. నన్ను చేసిన చేతులు గుర్తు లేవు. అట్టపెట్టె చీకటీ, పాత్రల దుకాణంలో అద్దాల బీరువా గుర్తున్నాయి. అక్కడినుంచి నన్ను కొని తెచ్చినవారు పానకాలరావు గారు. రైలు పట్టాలకు ఆవల, మెరక మీదున్న కాలనీకి ఏటి నీరు అందించే పథకానికి ఆయన మేనేజరు.

ఆయన మంచివారు. చిక్కంతా అక్కడే. చెడ్డ కబురు చెప్పినవాడి వైపు ఆయన చాలా సేపు బాధగా చూసేవారు. ఆ చూపు భరించలేక అందరూ మంచి కబుర్లే తెచ్చేవారు.

"ఎంతవరకు వచ్చింది సన్యాసిరావూ?"

"అయిపోయినట్టే సార్" అనేవాడు కాంట్రాక్టరు సన్యాసిరావు. వెంటనే నా మూత తిరిగేది, అతని కప్పు నిండేది.

అయినదీ కాదు, కానిదీ కాదు ఆ మాట. పట్టాలకు ఈవల పైపు అయిపోయినట్టే, ఆవల పైపూ అయిపోయినట్టే. పట్టాల కింద దాటించడానికి రైల్వే అనుమతి కావాలి. అది తెచ్చేది ఆఫీసు అని ఇంజనీరు ఇమ్మానుయేలు, కాంట్రాక్టరు అని ఆఫీసు, సర్కారు అని కాంట్రాక్టరు అనుకున్నారు. ఇంతలో కౌన్సిలరు పార్కులో ఫౌంటెన్ అడిగాడు. పానకాలరావు గారు "చూద్దాం" అన్నారు. ఆ ఒక్క మాట కాలనీ పైపుల్లో కొన్నింటిని పార్కుకు నడిపించింది. వేసవి వచ్చింది, నీళ్లు రాలేదు. ఆయన బదిలీపై వెళ్తూ నన్ను బల్ల మీదే మరిచిపోయారు.

ఆ కుర్చీలోకి సుభాషిణి వచ్చింది. తొలి సమీక్షలో సన్యాసిరావు పాత పాటే అందుకున్నాడు.

"అయిందా, కాలేదా?" అందామె. "మధ్యలో మాట ఇకమీద ఈ గదిలో వద్దు."

"అది తీసేస్తే మాకు మాటలే మిగలవు మేడమ్!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి నా మూత తిప్పింది. "ఇక తొలి కప్పు చెడ్డ కబురు తెచ్చినవాళ్లకు."

తలలన్నీ ఫైళ్లలోకి వంగాయి. ఆమె తన కప్పులోనే పోసుకుంది. "రైల్వే అనుమతి తేవలసింది ఎవరో నాకు తెలియదు. ఇది నా చెడ్డ కబురు."

ఇమ్మానుయేలు తన కప్పు ముందుకు జరిపాడు. "అసలు దరఖాస్తే పెట్టలేదు మేడమ్." రెండో కప్పు అతనిది. అనుమతి బాధ్యతా ఆ క్షణం నుంచి అతనొక్కడిదే. ఆమె కౌన్సిలరు దగ్గరికి వెళ్లి, "ఫౌంటెన్ చేరిస్తే కాలనీకి నీళ్లు ఆలస్యమవుతాయి. ఆ సంగతి కాలనీకి మీరే చెప్పండి" అంది. ఆయనకు ఫౌంటెన్ మీద మోజు తీరిపోయింది. పార్కుకు పోయిన పైపులు కాలనీకి తిరిగొచ్చాయి.

అనుమతి వచ్చింది. పట్టాల కింద పైపు పడింది. మంత్రిగారు చేసే ప్రారంభోత్సవానికి షామియానా కూడా లేచింది. అప్పుడు వచ్చాడు సన్యాసిరావు, చెమటతో. కుర్చీ చూపినా కూర్చోలేదు.

"తొలి కప్పు నాకు పొయ్యండి మేడమ్. పట్టాల కింద అతుకు కారుతోంది. పరీక్షలో తేలింది. మళ్లీ తవ్వాలి."

ఆమె పోసింది. కప్పు అతని చేతికిచ్చి, పై అధికారికి ఫోన్ చేసింది.

"ట్యాంకరుతో కాలనీ ట్యాంకు నింపించమ్మా" అన్నాడాయన. "మంత్రిగారు కుళాయి తిప్పి వెళ్తారు. అతుకు సంగతి తర్వాత."

"కాలేదు సార్. వాయిదా వేయండి."

"ఉద్యోగం మీద ఆశ లేదా?"

"ఉంది సార్. అందుకే చెప్తున్నాను."

ఫోన్ పెట్టేసి, నన్ను సంచీలో వేసుకుని కాలనీకి నడిచింది. నీళ్లు ఇప్పుడే రావని తన నోటితోనే చెప్పింది. ఆడవాళ్లు చుట్టుముట్టి కడిగేశారు. ఆమె కదలలేదు. చివరికి ఎర్నమ్మ అనే ముసలామె, "నీళ్లొచ్చేస్తాయన్నోళ్లే వచ్చినారు గానీ, రావని సెప్పడానికొచ్చింది నువ్వొక్కర్తివేనమ్మా" అని అరుగు చూపింది. "కూకో."

షామియానా దించేశారు. మళ్లీ తవ్వి అతుకు విప్పిన నాడు ఆమె సంచీలోంచి కంకర మీద జారిపడ్డాను. లోపలి గాజు భళ్లుమంది. సుభాషిణి ముక్కలు దులిపి నన్ను పారేయబోతుంటే, తవ్వకం చూడవచ్చిన ఎర్నమ్మ తొడుగును అడిగి తీసుకుంది. ఇప్పుడు ఆమె కిటికీలో గరిటెలు పట్టుకుని నిలబడుతున్నాను. నాలో వేడి నిలవదు. ఆలోచన నిలుస్తుంది. నేను చూసినంతలో పనులను చెడగొట్టింది తెలివితక్కువతనం కాదు, నొప్పించకూడదన్న మొహమాటం. పైవాళ్లు చేయవలసిందల్లా నిజం చెప్పేవారికి కుర్చీ వేయడం. అది చెప్పినంత సులువు కాదు, కానీ చేయగలిగినదే.

కిటికీలోంచి వీధి కుళాయి కనిపిస్తుంది. నీళ్లు వచ్చిన ఉదయం ఉపన్యాసాల్లేవు. సుభాషిణి, సన్యాసిరావు ఓ పక్కన నిలబడ్డారు. కుళాయి కాసేపు గాలి వదిలి, దగ్గి, ధారగా విడిచింది. ఎర్నమ్మ బిందె నిండుతూనే రెండో బిందె పెట్టబోయింది.

"సాల్లేవే, జరుగు! ఏరు నీ ఒక్కదానికే తెచ్చినారేటి?" అంది వెనకామె.

తగవు పెరిగింది. విడదీయబోయిన సన్యాసిరావును సుభాషిణి చెయ్యి పట్టి ఆపింది. "ఉండనీండి" అంది. "ఇన్నాళ్లూ తగవు పడటానికి నీళ్లే లేవు."