ఎర్ర రబ్బరు పైపు

చోడవరం నుంచి వడ్డాది పోయే దారిలో గణపతిరావు గ్రానైట్ షెడ్డు ఉంది. అందులో పదకొండు మంది ఆడవాళ్లు రోజంతా నీళ్లలో గొంతుక్కూర్చుని రాళ్లను నునుపు చేస్తారు. తడిలో కరెంటు మిషను ప్రాణం తీస్తుంది కాబట్టి వాళ్ల చేతుల్లోవి గాలితో తిరిగే మిషన్లు. కంప్రెసర్ నుంచి ఒక్కోదానికి ఒక్కో పైపు వస్తుంది. ఆ సోమవారం గణపతిరావు అందరూ చూస్తుండగా ఒకే ఒక్క కొత్త ఎర్ర రబ్బరు పైపు తెచ్చి, వాళ్లలో చిన్నదైన సంధ్యారాణి మిషనుకి బిగింపించాడు. మిగతా పదిమందికీ బైండింగ్ తీగతో కట్టిన పాత ప్లాస్టిక్ పైపులే.

ఆ పదిమందిలో ఒకతె గున్నమ్మకి ఒళ్లు మండిపోయింది. తనది తొమ్మిదేళ్ల చాకిరీ. ఆ గుంట వచ్చి ఏడాది కాలేదు.

గున్నమ్మ పైపు పొద్దున్న చలికి కర్రలా బిగుసుకుపోయి మణికట్టును పక్కకు లాగేస్తుంది. లోపల సన్నం కావడంతో గాలి చాలదు. మిషను సరిగా తిరగక, ఒంటి బరువంతా వేసి అదమాలి. సాయంత్రానికి వేళ్లు మొద్దుబారి అన్నం ముద్ద కూడా నిలవదు. ఎర్ర పైపు మాత్రం సంధ్యారాణి చెయ్యి ఎటు పోతే అటు పోతోంది. ఆ పిల్ల అందరికంటే ముందు రాయి ముగించి తీరిగ్గా జడ వేసుకుంటోంది.

"మన మాటలు మోస్తందేటో. ఊరికే ఇస్తాడేటి?" అంది గున్నమ్మ పక్కామెతో. ఆ మాటకి ఆధారం ఏమీ లేదు. కుళ్లుకి ఆధారాలెందుకు?

ఆ షెడ్డులో ఒక కట్టుబాటుంది. ఎవరి పాతచీర పేలిక వాళ్ల పైపుకి కట్టుకుంటారు. పేలిక ఎవరిదో పైపు వాళ్లది, ఇంకొకరు ముట్టరు. శుక్రవారం అందరికంటే ముందొచ్చి గున్నమ్మ ఎర్ర పైపుకున్న పచ్చ పేలిక విప్పేసి తన నీలం పేలిక కట్టింది. దాన్ని తన మిషనుకి పెట్టుకుని, తన ప్లాస్టిక్ పైపును ఎప్పట్లాగే బైండింగ్ తీగతో సంధ్యారాణి మిషనుకి చుట్టేసింది.

సంధ్యారాణి వచ్చి చూసింది. "పోన్లే అప్పా, నువ్వే వాడుకో," అని ప్లాస్టిక్ పైపు అందుకుంది.

గంట గడిచిందో లేదో తీగ కట్టు జారిపోయింది. ఒత్తిడికి పైపు పాములా ఎగిరి ఆ పిల్ల దవడ చీల్చేసింది. కంప్రెసర్ చూసే హరిబాబు పరుగున గాలి కట్టేశాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే ఏడు కుట్లు పడ్డాయి.

గణపతిరావు తాపీగా చెప్పాడు. "పైపులు మార్సింది గున్నమ్మ. నాకేటి సంబంధం? దాని మీద కేసు పెడతాను. మిగతావోలు పన్లోకి ఎల్లండి."

ఎవరూ వెళ్లలేదు గానీ, అందరూ గున్నమ్మ మీద విరుచుకుపడ్డారు. గున్నమ్మ తలెత్తలేదు. "కుళ్లుతో సేసేను. మీరేటన్నా పడతాను," అంది.

మర్నాడు దవడకి కట్టుతో సంధ్యారాణి వచ్చి, పనికి పోకుండా షెడ్డు బయట కూర్చున్న ఆడవాళ్ల మధ్య కూర్చుంది. పెదవులు కదిలీ కదలకుండా మాట్లాడింది.

"అప్ప మార్సింది కాబట్టి నాకు తగిలింది. లేపోతే అప్పకి తగులును. ఎవులికి తగలాలన్నదేనా మన తగువు? ఒక్క పైపు ఇచ్చినాడు. పదకొండు మందిమీ దాన్నే సూసేం. ఆడ్ని ఎవులూ సూడలేదు."

గున్నమ్మకి మళ్లీ కుళ్లు పుట్టింది. తొమ్మిదేళ్లలో ఆ మాట తన నోటికి ఎందుకు రాలేదు? అయినా లేచెళ్లి ఆ పిల్ల పక్కనే కూర్చుంది.

హరిబాబు పైపుల కొట్టుకెళ్లి రకరకాల పైపు ముక్కలు తెచ్చి ముందు పడేశాడు. "పిడికిలికి సుట్టి సూడండి. మడత పడితే గాలి ఆగిపోతది. లోపల యెడల్పు గావాల. సివర్న తీగ కట్టు కాదు, నొక్కి బిగించిన ఇత్తడి జాయింటుండాల."

పదకొండు జతల చేతులూ వాటిని చుట్టాయి, వంచాయి, లాగాయి. "ఇది మెత్తగుంది గానీ బరువే," అందొకామె. "సెయ్యి దిగలాగేస్తది." మధ్యాహ్నం దాకా వాదించుకుని ఒకటి ఎంచారు. తమ చేతిలో ఏం ఉండాలో వాళ్లు తేల్చుకోవడం అదే మొదలు. అందరికీ అదే రావాలి, అప్పటిదాకా గాలి తిప్పకూడదు అనుకుని, గణపతిరావుకి అదే చెప్పారు.

రెండో రోజున గణపతిరావు వాళ్లు ఎంచిన రకమే నాలుగు తెచ్చాడు. ఒకటి గున్నమ్మ చేతిలో పెట్టాడు. "సీనియర్‌వి. ముందు నీకే. కేసు ఊసే ఎత్తను. మిగతా మూడూ ఎవులికో నువ్వే సెప్పు."

పైపు మెత్తగా వేళ్ల చుట్టూ తిరిగింది. గున్నమ్మకి అది కావాలి, నిజంగా కావాలి. తలెత్తి చూస్తే పదిమంది కళ్లూ ఆ పైపు మీదే ఉన్నాయి. ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. వాడు కొనుక్కొచ్చింది పైపుల్ని కాదు, ఆ చూపుని.

పైపు తీసి వాడి కాళ్ల దగ్గర పెట్టింది. "పదకొండు గావాల, బాబూ."

సాయంత్రానికి పోలీసు జీపు వచ్చింది. గున్నమ్మ చీర కుచ్చెళ్లు సర్దుకుని తనంతట తనే ఎక్కింది. వెనక్కి తిరిగి చూస్తే సంధ్యారాణి కంప్రెసర్‌కి అడ్డంగా కూర్చుంది. చుట్టూ భుజాలు ఆనించుకుని మిగతా తొమ్మిదిమంది. హరిబాబు గాలి తిప్పే చక్రం ఊడదీసి వాళ్ల ఒళ్లో పడేశాడు. గణపతిరావు అరుస్తున్నాడు, ఒక్కరూ లేవలేదు.

జీపు మలుపు తిరిగేదాకా గున్నమ్మ వాళ్లనే చూస్తూ, ఆ వరసలో తనకి చోటు లేకపోయిందే అని కుళ్లుకుంది.