మోగని చప్పట్లు

కందవు దీవిలో ఇనోకె చప్పట్లకు ఒకప్పుడు పెద్ద పేరు. ఊరంతా కలిసి కూర్చుని తాగే యంగోన వేరు రసం చిప్ప అందుకునే ముందు, మర్యాదగా, అరచేతులు దోనెల్లా వంచి కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే పడవల దగ్గరున్నవాళ్లు "ఇనోకె వంతొచ్చింది" అనుకునేవాళ్లు. ఇప్పుడు ఆ చేతులు మోగవు. వేళ్లు కొంకర్లు పోయాయి. ముందు చేతుల మీద, తర్వాత మొహం మీద చర్మం బిగుసుకుపోయింది.

చిప్పకు చప్పట్లు కొట్టనివాణ్ణి ఊరు ఏమంటుంది? పొగరంది. ఇలాంటి తీర్పులు చెప్పడానికి ఊరికి ఎప్పుడూ తీరికే. సొంత తమ్ముడు తొమాసి కూడా అందరి ముందూ అనేశాడు.

"మా చిప్ప నీకంత చేదైతే తాగకు, అన్నా. ఎవడు బతిమాలాడు నిన్ను?"

ఇనోకె లేచి వచ్చేశాడు. మళ్లీ ఆ చిప్ప తిరిగే ఇంటి గుమ్మం తొక్కలేదు.

సువా పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ అప్పటికే విడమరచి చెప్పింది. "నీ ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే నీ మీద తిరగబడింది ఇనోకె. అది కరిచిన చోటల్లా మచ్చ కడుతోంది. మచ్చ మీద మచ్చ పడి చర్మం గట్టిపడుతోంది. ఊపిరితిత్తుల్లోనూ మొదలైంది. మందులు వాడితే నెమ్మదిస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటేది మాత్రం కాదు."

"ఆ సంగతి మా ఊరికెవరు చెబుతారమ్మా?" అన్నాడతను.

ఎవరూ చెప్పలేదు, అతనూ చెప్పలేదు. తాతల కాలంలో వేళ్లు వంకరపోయినవాళ్లను కుష్ఠురోగులని మకొంగాయి దీవికి పడవెక్కించేవారు. ఆ భయం ఊళ్లో ఇంకా చావలేదు. అందుకే ఇనోకె చేతులు గుడ్డ కింద దాచుకుని, కర్రపెండలం ఉడకేసుకుని ఒంటరిగా తినేవాడు. మాట్లాడే మనిషి లేక పెరట్లో కోడిని తిట్టేవాడు. అది కూడా జవాబివ్వకుండా పోయేది. ఏడుపొచ్చేది.

ఒక ఆదివారం చర్చి అయ్యాక తొమాసి వచ్చాడు. చేతిలో తాడు కట్టిన తిమింగలం పన్ను. చాప మీద కూర్చుని, తల వంచి, పన్ను ముందుకు చాపాడు.

"తప్పు నాదే అన్నా. మన్నించు."

మన్నిస్తే అవతలివాడు చప్పట్లు కొట్టి పన్ను అందుకోవాలి. చప్పట్లు వినబడకపోతే వచ్చినవాడు లేచిపోవాలి, మళ్లీ అడగకూడదు. అన్నదమ్ముల బంధం అక్కడితో సరి.

ఇనోకె ఆత్రంగా కొట్టాడు. చప్పుడు రాలేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. వేలి కణుపు దగ్గర చర్మం చిట్లి రక్తం వచ్చింది గాని చప్పుడు మాత్రం రాలేదు. తొమాసి వంచిన తల ఎత్తలేదు. చప్పట్లు వినబడక అలాగే లేచాడు.

"సరేలే. అర్థమైంది."

పిలుద్దామంటే ఇనోకెకు దగ్గు తెర అడ్డొచ్చింది. తమ్ముడు గుమ్మం దాటుతుండగా గొంతు పెగిలింది.

"కొట్టానురా! నీకు చెవులు లేవా, వెధవా?"

తొమాసి వెనక్కి తిరిగాడు. ఆ చేతులు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ ఒక్క అడుగు ఇనోకె గుండెలో దిగింది.

"మకొంగాయి జబ్బా, అన్నా?"

"కాదురా. నా ఒళ్లే నన్ను తింటోంది. ఎవరికీ అంటదు."

తొమాసి గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వచ్చి కూర్చుని ఆ రక్తపు చేతుల్ని తన అరచేతుల మధ్యకు తీసుకున్నాడు. బిగుసుకుపోయిన అన్న మొహంలోకి చూశాడు.

"ఇంకా కోపమేనా? మొహం అలా పెట్టావేం?"

"నవ్వుతున్నానురా" అన్నాడు ఇనోకె.