మనం బిగించిన మడ్ ఫ్లాప్స్

"ఇవాళ మనం కారు కడుక్కోవాలి," అన్నాడు భర్త, కాఫీ తాగిన కప్పు సింకులో పెడుతూ. కడిగేది ఎవరో ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు. ఆ కారుకు నోరుంటే అదీ చెప్పేది.

ఎదుటి మనిషిని కలుపుకుంటే 'మనం', వదిలేస్తే 'మేము' అని చిన్నప్పుడు బళ్లో చెప్పారు. మూడోది ఒకటుందని ఆమెకు పెళ్లయ్యాక తెలిసింది. మాట్లాడే మనిషి తాను మెల్లగా తప్పుకుని, ఎదుటి మనిషిని ఒక్కదాన్నే అందులో ఇరికించి పోయే మనం. మనం పొయ్యి తుడిచి చాలా రోజులైంది. మనం పిల్లదాని స్కూలు మీటింగుకి వెళ్లాలి. అత్తగారు బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు, "నర్సెందుకు, మన అమ్మని మనం చూసుకోలేమా?" అన్నాడు. నాలుగు నెలలు బెడ్‌పాన్ ఎత్తింది ఆమె. అత్తగారు లేచి నడిచాక, చూడ్డానికొచ్చిన చుట్టాలతో, "మా అమ్మని కంటికి రెప్పలా చూసుకున్నాను," అన్నాడు. పని దగ్గర మనం, పేరు దగ్గర నేను. పని పూర్తయ్యేసరికి మన అమ్మ కాస్తా మా అమ్మ అయిపోయింది.

ఇంట్లో సరే, ఆఫీసులోనూ ఇదే వ్యాకరణం. ఆమె ఊరికి నీళ్లిచ్చే సంస్థలో కెమిస్టు. పదకొండేళ్లుగా సీసాల్లో వచ్చిన నీళ్లలో మురికి ఎంతుందో, క్లోరిన్ ఎంతుందో చూసి రిపోర్టు రాస్తుంది. కింద సంతకం చీఫ్ కెమిస్టుది. "ఈ వారం మనం నలభై శాంపిళ్లు చూశామండీ," అని ఆయన పైవాళ్లకి ఫోన్లో చెబుతుంటే ఆమె చేతి గ్లవ్స్ ఇంకా తడిగానే ఉండేవి. ఆయన టెస్ట్ ట్యూబు పట్టుకుని ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తుండి ఉండదు.

అలాంటిది కిందటి నెల రిజర్వాయరు దగ్గరి ల్యాబ్‌కి ఇన్‌చార్జిగా ఆమెను వేస్తూ ఆర్డరు వచ్చింది. అక్కడ ఆమె సంతకం పడనిదే చుక్క నీరు ఊళ్లోకి వదలరు. ఆ రోజు ఇంటికొచ్చి, బాత్రూము తలుపేసుకుని, గోడ పలకల మీద తడివేలితో తన సంతకం నాలుగుసార్లు పెట్టుకుంది. నవ్వుకుంటే నవ్వుకోండి. పదకొండేళ్లు పెట్టనివ్వని సంతకం ఎలా వస్తుందో చూసుకోవద్దూ? వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకల్లా అక్కడ చేరాలి. నీళ్లకు ఆదివారాలుండవు కాబట్టి ఆ ల్యాబ్‌కీ ఉండవు. చేరకపోతే ఆ కుర్చీ ఆమె దగ్గరే పిపెట్ పట్టడం నేర్చుకున్న జూనియరుకి పోతుంది.

చిక్కల్లా దారి. బస్సు ఊరి చివర ఆగిపోతుంది. అక్కణ్నుంచి అయిదు కిలోమీటర్లు గులకరాళ్లు, మట్టి, లారీలు చీల్చేసిన గుంటలు. "కారులో వెళ్తాను," అంది ఆమె. పాత కారు ఉన్నన్నాళ్లు దాన్ని నడిపింది ఆమే. ఆసుపత్రికైనా, స్కూలుకైనా, కూరగాయలకైనా ఆమే. దానికి పడ్డ సొట్టల్ని ఎవరూ పట్టించుకోలేదు. ఈ కరెంటు కారు వచ్చాక మాత్రం డ్రైవింగు మగవాళ్ల విద్య అయిపోయింది. ఎనిమిది నెలల్లో ఆమె స్టీరింగు పట్టింది రెండుసార్లు. రెండుసార్లూ కడగడానికి నీడలోంచి బయటికి తీయడానికే.

అతను చెంచా కింద పెట్టాడు. "ఆ రోడ్డు మీదా? ముత్యంలాంటి తెలుపు. పెయింట్ ఏమవుతుందో తెలుసా?" ఆ రోడ్డు మీద నడిస్తే నువ్వేమవుతావు అని అడగలేదు. అత్తగారు కలగజేసుకుని, "బస్సు దిగి నడిస్తే సరి. నాలుగడుగులు వేస్తే ఒళ్లూ తగ్గుతుంది," అంది. నాలుగు నెలలు ఎత్తి దించిన ఒళ్లు ఎవరిదో ఆమె నోటిదాకా వచ్చింది కానీ మింగేసింది.

అతను చెప్పింది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఆ కారు ఒళ్లు కాస్త వెడల్పు. దాని చక్రాలు విసిరిన రాళ్లే దాని తలుపుల కింది అంచుకు తగిలి పెయింట్ లేస్తుంది. చక్రాల వెనక మడ్ ఫ్లాప్స్, అంటే రబ్బరు రేకులు, బిగిస్తే ఆ మట్టీ రాళ్లూ వాటికి కొట్టుకుని కింద పడతాయి. "అవి ఉంటే వేరే సంగతి," అన్నాడతను, ఎలాగూ జరగదన్న ధీమాతో. "మనం మడ్ ఫ్లాప్స్ బిగించుకున్నాక తీసుకెళ్దువుగాని."

ఆమె ఆ మాట పట్టుకుంది. మర్నాడే తెప్పించింది. అందుకే ఈ శనివారం కారు కడుక్కోవాలి అనగానే, "కడుగుతాను. తరవాత ఫ్లాప్స్ కూడా బిగిస్తాను," అంది. అతను పేపరు మీంచి తల ఎత్తకుండానే, "జాగ్రత్త, గీత పడితే ఊరుకోను," అన్నాడు. ఇక్కడ మనం లేదు చూశారా.

సెల్లార్లో పాత దుప్పటి పరుచుకుని కూర్చుంది. స్టీరింగు ఒకవైపు పూర్తిగా తిప్పితే తప్ప ముందు చక్రం వెనక చెయ్యి పట్టదని తెలుసుకోవడానికి అరగంట పట్టింది. అక్కడ కంపెనీవాళ్లు కొట్టిన ప్లాస్టిక్ మేకు ఒకటుంది. చూస్తే బొత్తాంలా ఉంటుంది. లాగితే రాదు, తిప్పితే రాదు. దాని నడుమ ఉన్న చిన్న సూదిని ముందు పైకి లేపాలి, అప్పుడు మొత్తం మేకు బుద్ధిగా చేతిలోకి వస్తుంది. మొండిగా పీకితే తల ఊడిపోయి మొండెం లోపలే ఉండిపోతుంది. తాను ఒక మేకు అలాగే పాడుచేసుకున్నాక గానీ ఆమెకు ఆ కిటుకు తెలియలేదు. రబ్బరుకీ పెయింటుకీ మధ్య ఇసుక చేరి రాపిడి పెడుతుందని, అంచు తడిలేకుండా తుడిచి, పలచటి ప్లాస్టిక్ పొర అంటించి, దాని మీద ఫ్లాపు పెట్టి మరలు బిగించింది. నాలుగు చక్రాలయ్యేసరికి మోచేతుల దాకా నల్లటి మసి, వేలికి ఒక కోత. ఎక్కడా ఒక్క గీత పడలేదు. చాలా ఏళ్ల తర్వాత తన చేతుల్ని చూసుకుని ఆమెకు గర్వంగా అనిపించింది.

అతను వచ్చి చుట్టూ తిరిగి, వంగి చూసి, "పర్లేదే, బావుంది," అన్నాడు.

"అయితే వచ్చే ఆదివారం తీసుకెళ్తాను."

"ఇంత చక్కగా బిగించుకున్నది ఆ బురదలో తొక్కించడానికా? చూద్దాంలే. అయినా ఆ పోస్టు అంత అవసరమా మనకి?"

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. ఎన్నో మాటలు పడింది కానీ ఇలా మాటిచ్చి, పని చేయించుకుని, ఆ చేసిన పనినే సాకుగా చూపించి కాదనడం ఇదే మొదటిసారి. మెట్లెక్కుతూ ఒక్కొక్క మెట్టుకీ ఒక్కొక్కటి గుర్తు చేసుకుంది. క్షమించడానికి కాదు, సరిగ్గా గుర్తుపెట్టుకోవడానికి. నీకు చూపిస్తానుండు అనుకుంది. ఎలాగో అప్పటికి ఆమెకూ తెలియదు.

దారి అతనే చూపించాడు. ఆ అపార్ట్‌మెంట్లో కరెంటు కార్లవాళ్లు ఆరుగురు. సోమవారం సాయంత్రం ఆమె కూరగాయల సంచీతో సెల్లార్లోకి వచ్చేసరికి మూడో అంతస్తు పళ్ల డాక్టరు వీళ్ల కారు చక్రం పక్కన గొంతుక్కూర్చుని ఫ్లాప్స్ తడిమి చూస్తున్నాడు. "ఎవరితో వేయించారు సార్? కంపెనీ ఫిటింగులా ఉంది."

"వేయించడమేంటండీ, నేనే బిగించాను. ఒక పూట పని," అన్నాడు పక్కనే నిలబడ్డ భర్త. ఆమె స్తంభం వెనకే ఆగిపోయింది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కాబోలు. అతను అక్కడితో ఆగలేదు. "మీరూ తెప్పించుకోండి. మిగతావాళ్లకీ చెప్పండి. ఆదివారం పొద్దున మనం అందరివీ బిగించేద్దాం."

అన్నం దగ్గర ఆ సంగతి చెబుతూ, "పాపం అడిగారు, కాదనలేకపోయాను," అన్నాడు. "అయిదు కార్లేగా. నువ్వు కూర్చుని కానిస్తూ ఉండు, నేను వాళ్లని మాటల్లో పెడతాను. సాయం చేస్తున్నావనుకుంటారు."

"సరే," అంది ఆమె.

అంత తొందరగా సరే అన్నందుకైనా అతనికి అనుమానం రావాల్సింది. రాలేదు. అలవాటు పడ్డ మనిషికి సరే అన్న మాట వినిపించదు, ఫ్యాను చప్పుడులాగా. ఆ వారమంతా ఆమె తన పని తాను చేసుకుపోయింది. ల్యాబ్‌కి ఫోన్ చేసి ఆదివారం పదింటికి వస్తున్నానని చెప్పింది.

ఆదివారం ఎనిమిదిన్నరకి సెల్లారు కళకళలాడుతోంది. అయిదుగురు, అయిదు కార్లు, అయిదు అట్టపెట్టెలు. పళ్ల డాక్టరు నిక్కరేసుకుని పెళ్లికొచ్చినంత హుషారుగా ఉన్నాడు. భర్త చేతులు రుద్దుకుని, "మరి మనం మొదలుపెడదామా?" అన్నాడు, ఆమె వైపు చూస్తూ. అప్పుడు చూశాడు, ఆమె ఇస్త్రీ బట్టల్లో ఉంది, భుజానికి ఆఫీసు సంచీ ఉంది.

"మీరు మొదలుపెట్టండి," అంది ఆమె. తరవాత మిగతావాళ్ల వైపు తిరిగి నవ్వింది. "ఇదంతా ఈయన చేతి పనేనండీ. నన్ను ముట్టుకోనివ్వలేదు కూడా. నన్ను రిజర్వాయరు దగ్గర ఇన్‌చార్జిగా వేశారు, ఇవాళే చేరాలి. ఆ దారి మంచిది కాదు, నువ్వు కారులోనే వెళ్లాలి అని, ఈయనే నడుం పడిపోయేలా కూర్చుని ఫ్లాప్స్ అన్నీ బిగించారు."

"ఎంత అదృష్టవంతులు మేడమ్ మీరు," అన్నాడు పళ్ల డాక్టరు. "మా ఆవిడ వింటే నన్ను చంపేస్తుంది."

"అవునండీ, అదృష్టం. ఏమండీ, తాళం ఇస్తారా? టైమవుతోంది."

తేలుకుట్టిన దొంగ అరవలేడు. పది కళ్లు అతన్నే మెచ్చుకోలుగా చూస్తున్నాయి. కాదంటే తాను బిగించలేదని ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే ఇంక తలెత్తుకోలేడు. జేబులోంచి తాళం తీసి ఇచ్చాడు. ఇస్తూ గొంతు తగ్గించి, "మరి వీళ్లవి?" అన్నాడు.

"ఒక పూట పనేగా," అంది, అంతే మెల్లగా.

ఆ అయిదు కిలోమీటర్లూ గులకరాళ్లు చక్రాల కిందనుంచి లేచి ఫ్లాప్స్‌కి టకటకా తగులుతుంటే ఆమెకు నవ్వు ఆగలేదు. దారిలో రెండుసార్లు ఫోన్ మోగింది. తీయలేదు. ల్యాబ్ గేటు ముందు కారాపి, దిగి, తలుపు కింది అంచు వేలితో తుడిచి చూసింది. దుమ్ము తప్ప ఏమీ లేదు. లోపల క్లర్కు రిజిస్టరు తిప్పి పెట్టాడు. పదికి పదిహేను నిమిషాలు ఉండగా సంతకం పెట్టింది. నీలం సిరా ఆరేదాకా చూసి, అప్పుడు తీరిగ్గా ఫోన్ చూసుకుంది. ఏడు మిస్డ్ కాల్స్.

మళ్లీ మోగింది. "ఎక్కడున్నావ్?" భర్త గొంతు గుసగుసలాడుతోంది. ఏ స్తంభం చాటునో ఉన్నట్టున్నాడు. "ఆ ప్లాస్టిక్ మేకు రావట్లేదు. డాక్టరుగారి కారుది తల ఊడిపోయింది. పట్టకారుతో పీకుతానని ఆయనే దిగాడు. పెయింట్ గీసుకుపోయేలా ఉంది. అది ఎలా తీశావ్ నువ్వు? తొందరగా చెప్పు."

ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. ఆమె కొత్త కుర్చీ లాక్కుని కూర్చుంది. "చెబుతాను. స్పీకర్ ఆన్ చెయ్యండి."

"ఎందుకు? నాకు చెప్పు, నేను చేస్తాను."

"అయిదుగురూ వినాలి. ఆన్ చేస్తారా, పెట్టేయనా?"

"పరువు తీస్తావా?" అన్నాడు.

"మీ ఇష్టం. డాక్టరుగారి పట్టకారు కూడా మీ ఇష్టం."

ఫోన్లో చప్పుడు మారింది. సెల్లార్లో గొంతులు డొల్లగా మోగాయి, ఎవరో దగ్గారు.

"నమస్కారమండీ," అంది ఆమె, గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీస్తూ. "మా కారుకి ఫ్లాప్స్ బిగించింది నేను. ఈయనకి ఆ పని తెలియదు, ఏమీ అనకండి. డాక్టరుగారూ, ఆ పట్టకారు పక్కన పెట్టండి, తల ఊడినదాన్ని వదిలేసి అవతలి చక్రం చూడండి. ఎవరైనా స్టీరింగు ఒకవైపు పూర్తిగా తిప్పండి. మేకు నడుమ చిన్న సూది కనిపిస్తోందా? దాన్ని స్క్రూడ్రైవరు మొనతో మెల్లగా పైకి లేపండి. లాగకండి, లేపండి."

"ఆఁ, వచ్చింది మేడమ్," అన్నాడు పళ్ల డాక్టరు. అతని గొంతులో ఇందాకటి మెచ్చుకోలు ఉంది, కాకపోతే అది ఇప్పుడు సరైన చిరునామాకి చేరింది.

"మంచిది. ఏమండీ, ఉన్నారా? రేపట్నించి రోజూ ఏడింటికి కారు నేను తీసుకెళ్తాను. మీ ఆఫీసు బస్సు ఎనిమిదింబావుకి మన వీధి చివరే ఆగుతుంది. సాయంత్రం చార్జింగు మాత్రం మీరే పెట్టండి, మర్చిపోతే నేను వెళ్లలేను, నేను వెళ్లకపోతే ఊరికి నీళ్లుండవు."

ఫోన్లో స్క్రూడ్రైవరు నేల మీద పడ్డ చప్పుడు వినిపించింది.

"వినిపించిందాండీ?"

"ఊఁ," అన్నాడు భర్త, అయిదుగురి ముందూ.

"సరే, రెండో మేకు తియ్యండి," అంది ఇన్‌చార్జి.