ఫ్యూజు చోట బల్బు

ఢిల్లీబాబు బండి తోసుకుంటూ పాకాలలో పీరా సాహెబ్ షెడ్డుకు చేరేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అతను ఊరూరా తిరిగి ఆవులకు చూడి సూదులు వేసే గోపాలమిత్ర. బండి పక్కన బిగించిన, ఎద్దు వీర్యాన్ని చల్లగా కాపాడే నైట్రోజన్ క్యానే అతని బతుకు. ఐరాల దగ్గర పల్లెలో తిరుమలమ్మ ఆవు పొద్దున ఎదకొచ్చిందని ఫోను వచ్చింది. సాయంత్రంలోగా చేరకపోతే మళ్లీ మూడు వారాలు ఆగాలి. ఇప్పటికే రెండుసార్లు బండి దారిలో మొరాయించి, ఆ ఆవు ఎద ఊరికే పోయింది. ఈసారీ తప్పితే శనివారం సంతలో అమ్మేస్తానని ఆమె తెగేసి చెప్పింది. ఆమెకున్నది ఆ ఒక్క ఆవే.

"భాయ్, మళ్లీ ఫ్యూజు పోయింది."

పీరా సాహెబ్ పక్క మూత తెరిచి ఫ్యూజు బయటికి లాగాడు. దానికి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది. అదీ మాడిపోయింది.

"ఇదెవురు సుట్టినారప్పా?"

"దారిలో ఒకాయన. ఫ్యూజులు నిలవడంలేదు, ఇదైతే నిలుస్తాదన్నాడు."

"ఇది నిలిస్తే వైర్లు కాల్తాయి. వాటి మీదనే పెట్రోలు ట్యాంకు ఉండాది, దాని మీద నువ్వుండావు."

ఆ దారిలో ఒకాయనకు ముందు ఇంకొకాయన కొత్త బ్యాటరీ వేశాడు, అంతకుముందాయన ఇంకేదో మార్చాడు. బండి ఆగితే చాలు, సామాను మార్చేయడం తప్ప జబ్బేమిటని అడిగే ఓపిక ఈ కాలపు మెకానిక్కులకు ఎక్కడిది? పీరా సాహెబ్ మాత్రం పానా ముట్టుకోలేదు. పీట లాక్కుని కూర్చున్నాడు.

"ఎప్పుడెప్పుడు ఆగింది, యాడ ఆగింది, అది సెప్పు ముందు."

"రెండు తూర్లూ తిరుమలమ్మక్క సందులోకి తిరిగేటప్పుడే. ఈరోజు టీ అంగడి ముందర."

"టీ అంగడి ముందర ఏం చేస్తా ఉంటివి?"

"బండి వెనక్కి తిప్పుకుంటా ఉంటిని."

పీరా సాహెబ్ తల ఊపి లేచాడు. ఫ్యూజు దాటిన కరెంటు ఇంకెక్కడికీ పోకుండా లైట్లు, హారను వైర్లు ఊడదీశాడు. ఫ్యూజు పెట్టే చోట పాత హెడ్‌లైటు బల్బొకటి తగిలించాడు. ఎక్కడైనా కరెంటు వైరు బండి ఇనుముకు తగిలితే ఫ్యూజు కాలదు, ఆ బల్బు వెలుగుతుంది. ఎన్నిసార్లు తగిలినా నష్టం లేదు. తాళం తిప్పాడు. బల్బు వెలగలేదు. సీటు కింద వైర్లు ఒక్కొక్కటే వేళ్లతో నొక్కుతూ, కదుపుతూ ముందుకొచ్చాడు. పసిబిడ్డ కడుపు నొక్కి చూసే డాక్టరు కూడా అంత నిదానంగా చూడడు. హ్యాండిలు కుడికి తిప్పాడు. ఏమీ లేదు. ఎడమకు కొంచెం కొంచెంగా తిప్పుతూ పోయాడు. ఇంక తిరగదు అన్నచోట బల్బు భగ్గున వెలిగింది. వెనక్కి తెచ్చాడు, ఆరిపోయింది.

ఢిల్లీబాబుకు ప్రాణం లేచొచ్చింది. ముగ్గురు మనుషులు, రెండు నెలలు, అంత సామాను. ఈయన ఒక పాత బల్బుతో అరగంటలో పట్టేశాడు. ఈ సంగతి తిరుమలమ్మకు చెప్పాలని ఫోను తీసి షెడ్డు బయటికి వెళ్లాడు. "వస్తా ఉండానక్కా, ఈ తూరి తప్పదు" అంటున్నాడు కానీ అవతల ఆమె నమ్మిన జాడ లేదు.

లోపల పీరా సాహెబ్ హ్యాండిలు మెడ దగ్గర టార్చి వేసి చూస్తూ ఉండిపోయాడు. మెడ చుట్టూ ఒక తాయెత్తు. దాన్ని కట్టింది కట్టుతీగతో. ఆ తీగ కొస హ్యాండిలు తిరిగినప్పుడల్లా వైర్ల కట్టను గీకి గీకి, ఒక వైరు తోలు లేపేసింది. వానాకాలంలో ఢిల్లీబాబు జారి పడ్డాక దర్గా నుంచి తాయెత్తు తెప్పించి కట్టింది పీరా సాహెబే. దారమైతే నానిపోతుందని తీగ వాడాడు.

తీగను తుంచి జేబులో వేసుకుంటే అడిగేవాడెవడు? ముప్పై ఏళ్ల పేరు చెక్కుచెదరదు. బయట ఫోను మాటలు అయ్యేదాకా ఆయన ఆగాడు.

"ఇట్రాప్పా. సూడు. ఇది నేను కట్టిందే."

ఢిల్లీబాబు వంగి చూశాడు. "మంచికే గదా భాయ్ కట్టినావు."

"తాయెత్తు మంచిదే. తీగ కట్టిన చెయ్యి తప్పు చేసింది. వైర్ల పక్కన ఇనుము కట్టకూడదని ఊరందరికీ సెప్పేవాణ్ణి నేను."

 జబ్బు కనిపెట్టినప్పుడు ఢిల్లీబాబుకు కలిగిన గౌరవం కంటే ఇప్పుడు కలిగిన గౌరవం పెద్దది. పనిమంతుల్ని చూశాడు గానీ, పనిలో తన తప్పును ఇలా వెలుగులోకి పట్టి చూపించేవాణ్ణి అతను చూడలేదు.

పీరా సాహెబ్ తోలు లేచి అరిగిన వైరుకు టంకం వేశాడు, పైన గొట్టం తొడిగాడు, కట్టను వదులుగా సర్దాడు. తాయెత్తును నల్లదారంతో అద్దం కాడకు కట్టాడు. హ్యాండిలును అటూ ఇటూ ఇరవైసార్లు తిప్పాడు. బల్బు వెలగలేదు. దాన్ని తీసి సరైన ఫ్యూజు పెట్టి, లైట్లు, హారను మళ్లీ తగిలించాడు. తర్వాత షెడ్డుకు తాళం వేసి వెనక సీటు ఎక్కి కూర్చున్నాడు.

"నువ్వెందుకు భాయ్?"

"ఆమె తిడతా ఉండేది నిన్ను గదా. బండి పోనీ."

తిరుమలమ్మ సందులోకి తిరిగేటప్పుడు ఢిల్లీబాబు వేగం తగ్గించాడు. హ్యాండిలు పూర్తిగా ఎడమకు తిరిగింది. బండి ఆగలేదు.

ఆమె కొట్టం ముందు నడుముమీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. నోరు తెరిచేలోపే పీరా సాహెబ్ దిగాడు.

"అమ్మా, పాకాల మెకానిక్ పీరాను. నీ ఆవు రెండు తూర్లు తప్పింది ఈ పిల్లోడి వల్ల కాదు. బండికి నేను తీగ తప్పుగా కట్టినాను."

తిరుమలమ్మ ఆయన్నీ, గ్రీజు అంటిన ఆ చేతుల్నీ చూసింది. రెండు నెలలుగా ఢిల్లీబాబు కోసం దాచిపెట్టిన తిట్లు ఎవరి మీద పొయ్యాలో ఆమెకు తెలియలేదు. కొంగున ఉన్న ఫోను తీసి సంత బేరగాడికి చేసింది. "శనివారం రావద్దప్పా. ఆవును అమ్మేది లేదు." ఫోను పెట్టేసి, గుంజ నుంచి ఆవు పగ్గం విప్పి తెచ్చి పీరా సాహెబ్ చేతికిచ్చింది.

"సూది ఏసేదాకా పట్టుకో సాయిబన్నా. తప్పు నాదని సెప్పేదానికి ఇంత దూరం వచ్చినోడు మద్దెలో వదిలిపెట్టడు."